మొద్దు చుట్టూ వదిలిన జాగా

మొన్న మాఘమాసంలో మా మేనకోడలు తెల్లాపూర్ అవతల కొత్తగా కొన్న ఫ్లాటులో పాలు పొంగిస్తూ నన్ను రమ్మని కబురు పంపితే, పోవాలా మానాలా అని చాలా తటపటాయించి, చివరికి ఇస్త్రీ చేయించిన తెల్ల ధోవతి కట్టుకుని బయలుదేరాను. గేటు దగ్గర కాపలావాడు హిందీలో నా పేరు అడిగి, ఎవరింటికని అడిగి, ఫోనులో పైవాళ్ళ అనుమతి తీసుకుని, అప్పుడు గానీ అడ్డకర్ర ఎత్తలేదు. మా తాత ఎవరినీ అడగకుండా గుర్రం మీద తిరిగిన నేల అది. ఆ సంగతి కాపలావాడికి చెప్పలేదు. పోయిన పెద్దరికాన్ని నోటితో చెప్పుకున్న రోజున మిగిలిన మర్యాద కూడా పోతుందని నా నమ్మకం.

లిఫ్టు కోసం నిలబడే హాలులో గోడ నిండా ఒక పటం ఉంది. శీతకాలపు ఎండలో మెరుస్తున్న నీళ్ళు, నడుమ ఒక ఇసుక తిన్నె, దాని మీద గుంపులు గుంపులుగా ఎర్రకాళ్ళ కొంగలు, అంచున బాతులు, వెనక జమ్ముగడ్డి. కింద ఇత్తడి పలక మీద ‘మన సరస్సు, ఒకప్పుడు’ అని చెక్కించారు. ఆ మేడల బాల్కనీల్లోంచి కనిపించే, చుట్టూ కంచె వేసి నడుమ ఫౌంటెన్ పెట్టిన నీటిగుంటకు వాళ్ళు పెట్టుకున్న పేరు సరస్సు. మేము దాన్ని చెరువు అనేవాళ్ళం. నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. లిఫ్టు వచ్చి తలుపు తెరుచుకుని, ఎవరూ ఎక్కకపోయేసరికి మళ్ళీ మూసుకుని వెళ్ళిపోయింది. ఆ పటం తీసిన రోజున నేను అక్కడ ఉన్నాను. తీసినవాళ్ళ వెనకాలే నిలబడి ఉన్నాను.

నా ఈడువాళ్ళకు మా ప్రాంతం గురించి పెద్దగా చెప్పనక్కరలేదు. పటాన్‌చెరు దాటాక రోడ్డుకు రెండువైపులా ఒకప్పుడు జొన్నచేలు, చెరకుతోటలు ఉండేవనీ, తరువాత ఒక్కో చేనూ ఒక్కో ప్రహరీ గోడగా మారిందనీ మీరూ చూసే ఉంటారు. మాది పటేల్ల ఇల్లు. పటేల్‌గిరీని సర్కారు రద్దు చేయకముందే మా బాపు కోర్టు వ్యాజ్యాల్లో సగం, స్నేహితులకు జామీను ఉండి సగం పోగొట్టాడు. నా చేతికి వచ్చేసరికి మిగిలినవి పెంకులు జారిన ఒక దేవిడీ, చెరువు కింద కొద్దిపాటి మడి, మా తాత దుర్బీను. బైనాక్యులర్స్ అనే మాట మా ఇంట్లో ఎవరూ అనలేదు, దుర్బీను అనే అనేవారు. తోలు పెట్టెలో, లోపల ఎర్ర మఖమలు గుడ్డ మీద పడుకుని ఉండేది. తుపాకి పోలీసు ఠాణాకు పోయింది, గుర్రం బేరగాడికి పోయింది, దుర్బీను మాత్రం ఎవరికీ పనికిరానిదని మిగిలింది.

మా తాత దాన్ని వేటకు వాడేవాడు, అంతకన్నా ఎక్కువ పిట్టలను చూడడానికి వాడేవాడు. చలి మొదలై ఉత్తరం నుంచి బాతులు దిగే వేళకు ఆయన రుమాలు చుట్టుకుని చెరువు కట్ట మీదికి పోయి, దుర్బీను కళ్ళకు పెట్టుకుని, పక్షులు ఏ వైపు దిగాయో చూసి వచ్చేవాడు. ఆ సాయంత్రం ఊళ్ళో డప్పు చాటింపు అయ్యేది. పక్షులు దిగిన వైపు శివరాత్రి దాకా ఎవరూ వల వేయరాదు, బట్టలు ఉతకరాదు, బర్రెలను తోలరాదు. అది చట్టం కాదు, దస్తావేజు లేదు, కానీ మా తాత మాట మీద ఊరంతా చెరువులో ఒక పక్కను పక్షులకు వదిలిపెట్టేది. అధికారం అంటే అదని నేను అనుకుంటాను. ఇవాళ కంచె వేసి, బోర్డు రాసి, కెమెరా పెట్టినా గుంటలోకి సీసాలు విసిరేస్తున్నారు.

తరువాత చెరువును నింపే వాగుకు ఎగువన మందుల కంపెనీ వచ్చింది. పేరు అనవసరం. మొదట చెరువు మత్తడి దగ్గర, నీళ్ళు పొర్లే చోట, నురగ కనిపించింది. బర్రెల తోలు మీద పొక్కులు వచ్చాయి. వరి ఏపుగా పెరిగి గింజ పాలు పోసుకోకుండా తాలు అయింది. ఒక ఎండాకాలం చేపలన్నీ తెల్లటి కడుపులు పైకి పెట్టి ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. నత్తలు చచ్చాయి కాబట్టి నత్తలు తినే కొంగలు రావడం మానేశాయి. ఆ తరువాత ఉత్తరం బాతులు ఒక రాత్రి దిగి, తెల్లవారేసరికి లేచి వెళ్ళిపోయాయి. చాటింపు వేయాల్సిన అవసరమే లేకపోయింది.

ఊరి రైతులు దరఖాస్తు పెట్టుకున్నారు. కంపెనీ రెండో షెడ్డు కట్టబోతున్నది, దాని నీళ్ళు కూడా మా వాగులోకే వదిలితే చెరువుకు ఇక ఆశ ఉండదు, ఆపించండి అని. జిల్లా నుంచి ఒక అధికారి విచారణకు వస్తాడని తెలిసింది. ఆ షెడ్డు ఆగుతుందా లేదా అన్నదే ఆ ఏడు మా ఊళ్ళో అందరి నోటా ఉన్న మాట. సరిగ్గా అప్పుడే ఒక ఆదివారం మా బావ దేవిడీకి వచ్చాడు.

మా బావ అంటే మా అక్క భర్త. తన వాటా పొలం కంపెనీకి ముందే అమ్మి, ఆ కంపెనీకే కూలీలను పంపే కంట్రాక్టరు అయ్యాడు. వస్తూనే, కంపెనీ ఈ ఇలాకా పక్షుల మీద రంగుల క్యాలెండరు వేయిస్తున్నదనీ, మా చెరువు బొమ్మ వేసి కింద మా తాత పేరు అచ్చు వేయిస్తామంటున్నారనీ, పక్షుల సంగతి తెలిసిన ఇంటివాడిని కాబట్టి నేను వెంట రావాలనీ చెప్పాడు. నాకు కంపెనీ అంటే గిట్టదు, అప్పటికి బావ అన్నా పెద్దగా గిట్టదు. కానీ మా తాత పేరు అన్న మాట దగ్గర మనసు తడబడింది. ఉన్న చెరువును ఉన్నట్టు ఫోటో తీస్తే ఆ నురగ కూడా అందులో పడుతుంది కదా, లోకం చూస్తుంది కదా అని కూడా అనుకున్నాను. దుర్బీను మెడలో వేసుకుని వస్తానన్నాను.

తెల్లవారుజామునే జీపు వచ్చింది. ముందు సీటు నాకు ఉంటుందని అనుకున్నాను. అందులో కంపెనీ ఆఫీసరు కూర్చుని ఉన్నాడు, ఎక్కడి నుంచో బదిలీ మీద వచ్చిన మనిషి, మెడకు మఫ్లరు, కళ్ళకు నల్లద్దాలు, సూర్యుడు ఇంకా లేవకముందే. నన్ను చూసి లేవలేదు, నమస్కారం పెట్టలేదు, వెనక్కి వేలు చూపించాడు. వెనక బావ పక్కన, హైదరాబాదు నుంచి పిలిపించిన ఫోటోగ్రాఫరు, అతని పెట్టెలు, కాళ్ళ దగ్గర గ్రీజు డబ్బా. ఆ ఫోటోగ్రాఫరు పెళ్ళిళ్ళు తీస్తాడట, కంపెనీ మందుసీసాలను తెల్లగుడ్డ మీద పెట్టి తీస్తాడట. పిట్టలను తీయడం అదే మొదటిసారి అని దారిలో తానే చెప్పాడు.

ముందు నర్సాపూర్ అడవికి తీసుకుపోయారు. నెమలి పురి విప్పితే తీయాలని ఆఫీసరు కోరిక. పురి విప్పే కాలం అది కాదని నేను చెప్పబోతే వినిపించుకోలేదు. అడవి మంచుతో తడిసి ఉంది, ఎండుటాకుల మీద అడుగు పడితే బురదగా మెత్తగా దిగబడుతోంది, ఎక్కడో కొండముచ్చులు దగ్గుతున్నట్టు అరుస్తున్నాయి. నెమళ్ళ కూత వినబడింది గానీ ఒక్కటీ బయటికి రాలేదు. అలా చాలాసేపు తిరిగాక పొదలోంచి నల్లటి ఒంటితో, ఇటుకరంగు రెక్కలతో ఒక పిట్ట బరువుగా ఎగిరి అవతలి కొమ్మ మీద వాలింది. ఆఫీసరు ఫోటోగ్రాఫరు భుజం తట్టి గుసగుసగా అన్నాడు.

“తియ్యవయ్యా, అడవికోడి! క్యాలెండర్లో ఫిబ్రవరికి ఇదే పెడదాం.”

“అది అడవికోడి కాదండీ, జెముడుకాకి,” అన్నాను. “మన ఇండ్ల వెనక కంచెల మీద గూడ ఉంటది.”

ఫోటోగ్రాఫరు కెమెరా దించాడు. బావ నా మోచేతిని గిల్లాడు. ఆఫీసరు నల్లద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని, ఎంతో నెమ్మదిగా అన్నాడు.

“పటేల్ గారూ, మిమ్మల్ని తీసుకొచ్చింది బొమ్మలో నిలబడ్డానికండీ, పాఠం చెప్పడానికి కాదు. అడిగినప్పుడు చెబుదురుగాని. అడక్కపోతే నోరు మూసుకుని ఉండండి.”

మా ఇంట్లో ఆ మాట ఎవరితో ఎవరూ అనేవారు కాదు. పని మనిషితోనూ అనేవారు కాదు. ఒక్క క్షణం అక్కడి నుంచే వెనుదిరిగి నడుచుకుంటూ పోదామనిపించింది. కానీ చెరువు బొమ్మ ఇంకా తీయలేదు, తాత పేరు ఉంది, పోతే నేను ఓడిపోయినట్టు. కాబట్టి సరేనని తల పంకించాను. ఆ తల పంకింపు మాట ఇచ్చినట్టే అని ఆ మనిషికి తెలియదు.

అక్కడి నుంచి జీపు సంగారెడ్డి వైపు మళ్ళింది. దారిలో ఒక హోటలు దగ్గర ఆఫీసరూ ఫోటోగ్రాఫరూ లోపల కూర్చుని టిఫిను తిన్నారు. బావ వాళ్ళ ఎంగిలి పళ్ళేలు పక్కకు జరుపుతూ, చట్నీ తెప్పిస్తూ నిలబడే ఉన్నాడు. ఒకప్పుడు మా ఇంటికి అల్లుడుగా వచ్చినప్పుడు వెండి చెంబుతో కాళ్ళు కడిగించుకున్న మనిషి. నేను జీపు దగ్గరే ఉండిపోయి చాయ కూడా తాగలేదు. ఊరి దారి తప్పి ఇటు వచ్చామేమిటి, చెరువు దగ్గరికి ఎప్పుడు పోతామని బావను పక్కకు పిలిచి అడిగాను.

“చెరువా?” అని నవ్వాడు బావ. “ఆడేముంది బామ్మర్ది, తీస్తె నురగ తీయాలె. మంజీరకు పోతున్నం. ఆడ పిట్టలు మస్తుంటయి.”

“మంజీర బొమ్మకు మా తాత పేరెందుకు?”

“ఫోటో ఏడదైతేంది? కింద మన చెరువని ఏస్తరు. ఇచారణకు సారొచ్చిండంటె ముంగట పెడ్తరు. పిట్టలు గిట్ల మేస్తున్నయంటె నీళ్ళు మంచిగున్నట్టే గద. కింద పటేల్ల ఇంటి పేరుంటె ఎవ్వడడుగుతడు? నువ్వు జెర సప్పుడు చెయ్యకుండ నిలబడు, నీ కొడుక్కు కంపెనీల నౌకరి ఇప్పిస్త.”

అప్పటికి నాకు అర్థమైంది. చచ్చిన చెరువు బతికే ఉందని సాక్ష్యం చెప్పడానికి వాళ్ళకు రెండు కావాలి. ఒకటి ఎక్కడివో పక్షులు, రెండోది మా ఇంటి పేరు. పక్షులను మంజీర ఇస్తుంది, పేరు నేను ఇస్తానని మా బావ కుదుర్చుకున్నాడు.

మంజీర నీళ్ళ ఒడ్డున మేము దిగేసరికి ఎండ బాగా ఎక్కింది. నా చిన్నతనంలో తాత వెంట అక్కడికి వచ్చిన జ్ఞాపకం ఉంది. ఆనాటికన్నా నీళ్ళు విశాలమయ్యాయి, తిన్నెలు లంకలయ్యాయి. తుమ్మచెట్ల మీద నీరుకాకులు రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. జమ్ములో నీటికోళ్ళు ఒకదాన్నొకటి తరుముకుంటున్నాయి. ఎదురుగా ఇసుక తిన్నె మీద ఎర్రకాళ్ళ కొంగలు, గులాబీరంగు అద్దిన తోకలతో, పసుపు ముక్కులు వంచుకుని, పెళ్ళికి వచ్చి వడ్డనకు ఎదురుచూస్తున్న పెద్దమనుషుల్లా నిలబడి ఉన్నాయి. ఎన్నో ఏళ్ళ తరువాత అన్ని పక్షులను ఒక్కచోట చూసి, నా చుట్టూ ఉన్న మనుషుల మీద కోపం ఉన్నా, వాటిని లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఒకప్పుడు మా చెరువు కూడా ఇలాగే ఉండేది.

ఆఫీసరు నన్ను నీటి అంచున గొంతుకూర్చుని, పక్షుల వైపు చెయ్యి చూపిస్తూ నవ్వమన్నాడు. నేను కూర్చోనన్నాను. వాళ్ళలో వాళ్ళు ఏదో అనుకుని, సరే మనిషి లేకుండానే తీద్దాం, పేరు ఎలాగూ వేస్తాం కదా అని, ఫోటోగ్రాఫరు ఒక తార్పాలిన్ పరిచి దాని మీద బోర్లా పడుకున్నాడు. పక్కన బావ బోర్లా పడుకున్నాడు. ఆఫీసరు కూడా ప్యాంటు మోకాళ్ళు బురదలో ఆనించి వంగాడు. నేను వెనకాల ఒక తుమ్మచెట్టును ఆనుకోకుండా నిలబడ్డాను.

“అంకుల్, జెర కిందికి వంగుండ్రి,” అన్నాడు ఫోటోగ్రాఫరు తల తిప్పకుండా. “మీ తెల్ల షర్టుకు పిట్టలన్నీ పరేషాన్ అయితున్నయ్. లేకుంటె గా జీపుల తుడిచే గుడ్డ ఉంది, కప్పుకోండ్రి.”

“ఏంది బామ్మర్ది,” అన్నాడు బావ, “ఇనుప కడ్డీ మింగి పుట్టినవా? జెర వంగితె ఆస్తి పోతదా?”

“ఆస్తి ఎప్పుడో పోయింది బావా. వెన్నొక్కటే మిగిలింది.”

దేవుడి ముందు తప్ప మా ఇంటి మగవాళ్ళు నేల మీద బోర్లా పడరు. ఇది గొప్పగా చెప్పుకోవడానికి చెప్పడం లేదు, అలా పెరిగాను, అంతే. పిట్టలు నన్ను చూసి ఎగరలేదు కూడా. కదలకుండా నిలబడినదాన్ని పిట్ట చెట్టు కింద లెక్క కడుతుంది. నేను దుర్బీను కళ్ళకు పెట్టుకున్నాను.

అప్పుడు చూశాను. తిన్నెకు ఎడమ చివర, కొంగల నడుమ, నీళ్ళలోకి సగం దిగి ఎండిన మొద్దు ఒకటి పడి ఉంది. బురద రంగు, బెరడు లేచినట్టు గరుకు. తిన్నె మీద కొంగలు ఒకదాని రెక్క ఒకదానికి తగిలేటట్టు ఇరుక్కుని ఉన్నాయి, కానీ ఆ మొద్దు చుట్టూ మాత్రం నలుగురు మనుషులు కూర్చునేటంత జాగా ఖాళీగా ఉంది. ఒక్క పిట్ట అక్కడ అడుగు పెట్టడం లేదు. ఏనాడో ఇదే నది ఒడ్డున మా తాత నా చేతికి ఇదే దుర్బీను ఇచ్చి చెప్పిన మాట నాకు వినబడింది. మొద్దు మీద కొంగ వాలుతుందిరా, మొసలికి కొంగ జాగా వదులుతుంది. నిలబడి పైనుంచి చూస్తున్నాను కాబట్టి దాని వీపు మీద రంపపు పళ్ళ వరుస తోక దాకా కనిపించింది. బోర్లా పడుకున్నవాళ్ళకు కనిపించేది బురదరంగు గీత ఒక్కటే.

ఫోటోగ్రాఫరుకు అనుమానం రాకపోలేదు. “సార్, ఎడమకు గా మొద్దు అడ్డమొస్తున్నది. జాగ మార్దామా?” అని అడిగాడు. ఆఫీసరు బావ వైపు చూశాడు.

“ఎండిన తుమ్మ మొద్దు సార్,” అన్నాడు బావ వెంటనే. “మా దిక్కు చెరువులల్ల మస్తుంటయి.”

“అయితే ఉండనీ. సహజంగా ఉంటుంది.”

నన్ను ఎవరూ అడగలేదు. వెనక్కి తిరిగి చూసినా, దుర్బీనులో ఏం కనిపిస్తోందని ఒక్క మాట అన్నా, చెప్పేవాడినే. అడగలేదు. అడగకపోతే నోరు మూసుకోమన్నారు, మూసుకున్నాను. కెమెరా టకటకమని చప్పుడు చేసింది. రీలు అయిపోయింది. ఇప్పటిలాగా తీసిన బొమ్మను అక్కడికక్కడే చూసుకునే రోజులు కావు అవి, పెట్టె మూసి హైదరాబాదు తీసుకుపోయి కడిగించాలి. తిరిగి వచ్చేటప్పుడు నేను జీపు ఎక్కలేదు. బావ పిలిచాడు, తరువాత తిట్టాడు, తరువాత జీపు పోయింది. బస్సు దొరికే దాకా నడిచాను. మడమ మీద చెప్పు కొరికింది గానీ మనసుకు మాత్రం చాలా రోజులకు హాయిగా ఉంది.

కొత్త సంవత్సరానికి క్యాలెండరు వచ్చింది. కంపెనీ దర్జాగా ఇంటింటికీ పంచింది. హోటళ్ళలో, మంగలి దుకాణంలో, కిరాణా కొట్లో, బడిలో, అన్నిచోట్లా వేలాడదీశారు. అచ్చు ఎంత బాగా వచ్చిందంటే, తీసినప్పుడు కళ్ళకు అందనివన్నీ కాగితం మీద తేటగా ఉన్నాయి. మొదటి పుట మీదే ఆ మంజీర బొమ్మ, దాని కింద ‘పటేల్ వంశంవారి చెరువులో నేటికీ విడిది చేస్తున్న పక్షులు’ అని రాసి ఉంది. మొదటి రోజుల్లో జనం నా ముఖం చూసి తల తిప్పుకున్నారు. పటేలు కంపెనీకి అమ్ముడుపోయాడని మంగలి దుకాణంలో అన్నారట. నేను ఎవరికీ సంజాయిషీ చెప్పలేదు. ఆ తరువాత ఎందుకో ఆ మాట ఆగిపోయింది. నేను దారిన పోతుంటే హోటలు బల్లల మీద మనుషులు నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకోవడం మొదలుపెట్టారు.

విచారణ బడి వరండాలో జరిగింది. జిల్లా అధికారి కుర్చీలో కూర్చుని రైతుల మాట విన్నాక, కంపెనీ ఆఫీసరు లేచి క్యాలెండరు విప్పి బల్ల మీద పరిచి, పక్షులు నివసించే నీరు చెడ్డదెలా అవుతుందని అడిగాడు. వరండా కింద నిలబడ్డ జనంలోంచి చేపలు పట్టే ముసలాయన ముందుకు వచ్చాడు. ఆ చెరువులో ఆఖరి వల వేసినవాడు ఆయనే.

“సారూ, గీ చెరువుల మా తాత వలేసిండు, మా అయ్య ఏసిండు, నేనేసిన. గిన్నేండ్లల్ల మాకు మొసలి కానరాలె. గిది కంపెనోళ్ళు కొత్తగ సాదుకుంటున్నట్టున్నరు.”

“మొసలేంటి?” అన్నాడు ఆఫీసరు. “అది మొద్దండీ.”

“మొద్దుకు కన్నుంటదా సారూ?”

జిల్లా అధికారి కళ్ళజోడు సవరించుకుని బొమ్మ మీదికి వంగాడు. ఆ వంగడం చూసి ఎవరో కిసుక్కుమన్నారు. వెనక నుంచి ఒకామె, “ఇగ నా బర్లను నీళ్ళకు తోల సారూ, కంపెనీ మొసలి మింగుతది,” అంది. ఇంకొకడు, “గా నీళ్ళు తాగి గది ఇంక బతికున్నదంటె గట్టి పాణమే,” అన్నాడు. అంతే, అప్పటిదాకా చేతులు కట్టుకుని, గొంతు తగ్గించి, సారూ సారూ అంటూ నిలబడ్డ ఊరు ఊరంతా ఒక్కసారిగా నవ్వింది. ముసలివాళ్ళు దగ్గులు వచ్చేదాకా నవ్వారు. ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వారు. చెరువు చచ్చిన తరువాత మా ఊరు అలా నవ్వడం నేను చూడలేదు.

నవ్వు తగ్గాక అధికారి కింద ఉన్న అచ్చు చదివి, నా వైపు తిరిగాడు. “ఇది మీ చెరువేనా పటేల్ గారూ?”

నేను లేచి నిలబడ్డాను. “కాదు సార్. ఇది మంజీర. తీసిన దినం నేను ఆడనే ఉన్న.”

“మరి మొసలి ఉందని అప్పుడే వీళ్ళకు చెప్పలేదా?”

“అడిగినప్పుడే చెప్పమన్నరు సార్. వాళ్ళు అడగలె. ఇప్పుడు మీరు అడిగిన్రు.”

ఆఫీసరు ముఖం చూడాలని నాకు ఉండింది, కానీ చూడలేదు. గెలిచినప్పుడు ఎదుటివాడి ముఖం చూడరాదని మా తాత అనేవాడు. చూసింది బావ ముఖం. వరండా మెట్ల దగ్గర నన్ను పట్టుకుని, “నీ ఇంటి ఆడిబిడ్డ బువ్వల మన్ను పోసినవ్ గదరా,” అన్నాడు. గొంతులో కోపం కన్నా భయం ఎక్కువ ఉంది. తుమ్మ మొద్దు అన్నది ఆయనే కాబట్టి, ఆఫీసరు తన తప్పంతా ఆయన నెత్తిన రుద్దాడు. కంట్రాక్టు పోయింది. బీరంగూడ దగ్గర కిరాయి ఇంటికి మారి, ఎవరి దగ్గరో మేస్త్రీగా చేరాడని విన్నాను.

ఆ ఏటి రాఖీ పున్నమకు మా అక్క రాలేదు. మరుసటి ఏడు కూడా రాలేదు. నేను ప్రతి రాఖీకి స్నానం చేసి, పీట వేయించి, మధ్యాహ్నం దాకా కూర్చునేవాడిని. కబురు మాత్రం పంపలేదు. మా అమ్మ పోయినప్పుడు వచ్చి, నాకు ఎదురుగా గోడకు ఆనుకుని ఏడ్చి, నాతో ఒక్క మాట మాట్లాడకుండా పోయింది. బావ పోయినప్పుడు నేను వెళ్ళి చివరి వరసలో నిలబడి వచ్చాను.

రెండో షెడ్డు మా వాగు మీద రాలేదు. కొన్నేళ్ళ తరువాత ఇంకో వైపు వచ్చింది, ఇంకో ఊరి నీళ్ళ మీద. మా చెరువు మాత్రం కోలుకోలేదు. కొంతకాలం తుంగ మొలిచి ఉండింది, తరువాత మట్టి లారీలు వచ్చాయి, తరువాత మీకు తెలిసిందే. కాబట్టి ఆ రోజు మేము ఏం గెలిచామని అడిగితే చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు. ఒక్క నవ్వు ఉంది. అది చూపించేది కాదు.

మొన్న ఆ హాలులో, పాత క్యాలెండరు బొమ్మనే పెద్దది చేయించిన ఆ పటం ముందు నేను నిలబడి ఉండగా, ఆ మేడల సంఘం తాలూకు యువకుడొకడు, మెడలో పొడవాటి గొట్టంలాంటి కెమెరా వేలాడుతుండగా, గృహప్రవేశానికి వచ్చిన చుట్టాలకు ఆ పటం చూపిస్తూ, ఒకప్పుడు ఇదే సరస్సులో మొసళ్ళు కూడా ఉండేవట, ఎడమ చివర చూడండి అన్నాడు. అందరూ వంగి చూశారు. అబ్బో అన్నారు. ఫోన్లు తీసి ఫోటోలు తీసుకున్నారు. ఎవరో నవ్వుతారని నేను ఎదురుచూశాను. ఎవరికీ నవ్వు రాలేదు. తాతలు వల వేసినవాళ్ళు గానీ, బర్రెలు తోలినవాళ్ళు గానీ ఆ హాలులో లేరు. ఉంటే గింటే ఏ గేటు దగ్గరో అడ్డకర్ర ఎత్తుతుంటారు.

పైన భోజనాల దగ్గర నన్ను సోఫాలో కూర్చోబెట్టారు. మిగతా కుర్చీలన్నీ నిండినా నా రెండు పక్కలా ఎవరూ కూర్చోలేదు. చిన్నవాళ్ళు దూరం నుంచి నమస్కారం పెట్టి పోతున్నారు. ఆ ఖాళీని నేను వెంటనే పోల్చుకున్నాను. అది మర్యాదతో వదిలే జాగా కాదు.

చాలాసేపటికి మా అక్క చేతికర్ర పట్టుకుని వచ్చి, ఆ ఖాళీలో, నా పక్కన మెల్లగా కూలబడింది. కింద పటం ముందు నేను నిలబడడం ఆమె చూసినట్టుంది. చేతికర్రను ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని అడిగింది.

“తమ్మీ, గా మొసలిని నువ్వు గప్పుడే చూసినవా?”

ఇన్నేళ్ళలో మావాళ్ళెవరూ నన్ను ఆ మాట అడగలేదు. “చూసిన అక్కా,” అన్నాను.

“మీ బావకు ఒక్క మాట చెప్తె ఏంబోతుండె?”

“చెరువు పోతుండె.”

“చెరువు యాడున్నదిరా?” అంది అక్క, బాల్కనీ వైపు చూస్తూ.

ఇవాళ అదే తిన్నె ముందు నన్ను నిలబెట్టినా, అడగనిదే నేను చెప్పను, ఆ మాట అక్కకూ తెలుసు. అయినా ఆమె లేచి పోలేదు. భోజనాలు అయ్యేదాకా అక్కడే కూర్చుంది.

దిగి వచ్చేటప్పుడు మళ్ళీ ఆ పటం ముందు ఆగాను. ఒకప్పుడు ఒక ముసలివాడి మాటకు ఊరంతా పక్షుల కోసం చెరువులో జాగా వదిలింది. ఒకప్పుడు అచ్చు వేసిన అబద్ధాన్ని చూడగానే ఊరంతా ఒక్క నవ్వుతో కొట్టిపారేసింది. ఇవాళ అదే అబద్ధానికి ఇత్తడి పలక వేసి, లైటు పెట్టి, గోడకు ఎక్కించారు, అది తప్పని చెప్పడానికి ఇద్దరు ముసలివాళ్ళం మిగిలాం. మేము పోయిన మరునాటి నుంచి మా చెరువులో మొసళ్ళు ఉండేవన్నది నిజమవుతుంది. పలక మీద మా తాత పేరు లేదు. ఈ ఒక్క విషయంలో వాళ్ళకు నా నమస్కారం.